వాకిట్లోకి వచ్చిన రాతి తొట్టి

నాయన కాళ్ళకు వేసిన పిండికట్లు విప్పిన రోజు, ఆస్పత్రి మంచం మీదనుంచి ఆయన అడిగిన మొదటి మాట, "నేను గనికి ఎప్పుడు పోవచ్చు?" అని.  డాక్టరమ్మ ఎడమ మోకాలి కింద చెయ్యి పెట్టి కాలిని మెల్లగా పైకెత్తింది. కాలు కట్టెలాగా నిటారుగా లేచింది గాని మోకాలి దగ్గర వంగలేదు. కుడికాలూ అంతే. మూడు నెలలు కట్టులో ఉండి కీళ్ళు బిగుసుకుపోయాయి.

"ఎముకలు అతుక్కున్నాయి. ఇక మోకాళ్ళు వంచాలి," అని ఆమె నాతో చెప్పింది. "ఊరికే వంచితే ఆ నొప్పి ఓర్చుకోలేడు. కాళ్ళు చాపించి నడుముదాకా వేడినీళ్ళలో కూర్చోబెట్టండి. నీళ్ళలో బరువు తెలియదు. రోజూ కొంచెం కొంచెం వంచుతూ పోతే నడుస్తాడు. చెయ్యకపోతే ఇట్లాగే ఉండిపోతాయి."

ఆస్పత్రిలో పెద్ద రేకు తొట్టి ఉంది. కానీ మా ఊరు కడపకు నాలుగు మైళ్ళు. కాళ్ళు మడవలేని మనిషిని రోజూ ఎద్దులబండిలో తెచ్చి తీసుకుపోవడం అయ్యే పని కాదు. బండి కుదుపుకే ఆయన పళ్ళు బిగించుకునేవాడు. ఆ రోజు తిరిగి వస్తున్నప్పుడు, పరుపు వేసిన బండిలో వెల్లకిలా పడుకుని, సగం దారిలో అన్నాడు:

"తొట్టి ఉండాదిమ్మా. నేను చెక్కిందే. వంక అవతల ఊర్లో, ఆ పెద్దరైతు బాయికాడ. అయిదున్నర అడుగుల పొడుగు. పశువులకని చెక్కిచ్చినాడు. బాయి ఎండిపోయినాక దాంట్లో నీళ్ళు పోసినోళ్ళు లేరు."

మాది బండల గనుల పక్కనే ఉన్న ఊరు. నాయన రాళ్ళ మేస్త్రి. కడప నల్లబండ ఏ చోట ఎంత మందాన విడిపోతుందో చేత్తో తట్టి చెప్పేవాడు. అమ్మ, నాయన, నేను – ఇంట్లో ముగ్గురమే. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. ఊర్లో ఉన్న మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ టీచర్ల ట్రైనింగుకు నాకు సీటు వచ్చింది. చేరడానికి మూడు వారాలుంది. ట్రంకు పెట్టె కొని, సర్ది, మళ్ళీ తీసి, మళ్ళీ సర్ది, దాని చుట్టూ తిరుగుతూ ఉన్నాను. నాయన ఇట్లా మంచంలో ఉండగా ఎట్లా పోవడం? పోకపోతే ఆ సీటు ఇంకోసారి వస్తుందా? ఈ రెండు ప్రశ్నల మధ్య నాకు కాలు ఒక చోట నిలిచేది కాదు.

నాయన స్థితి ఇంకా అధ్వాన్నం. జీవితంలో ఒక చోట కుదురుగా కూర్చున్న మనిషి కాదు. అన్నం కూడా గబగబా తిని, చెయ్యి కడుక్కుంటూనే వాకిలి దాటేవాడు. ప్రార్థనకు మిషన్ గుడికి పోయినా చివరి బెంచీలో అంచుకు కూర్చుని, పాట అయిపోతూనే బయట ఉండేవాడు. అట్లాంటి మనిషి మూడు నెలలు కదలకుండా పడుకున్నాడు. మంచం పట్టెను వేళ్ళతో టకటకా కొడుతూ ఉండేవాడు. అమ్మ ఆ చప్పుడు వినలేక పట్టె మీద పాత దుప్పటి మడిచి వేసింది. ఆయన దుప్పటి పక్కకు తోసి కొట్టేవాడు.

మరుసటి రోజే నేను వంక దాటి ఆ ఊరికి పోయాను. పెద్దరైతు నన్ను ఎండిన బావి దగ్గరికి తీసుకుపోయాడు. తొట్టి సగం మన్నుతో నిండి ఉంది. అందులో ఒక మేక పడుకుని నమిలిన గడ్డే నములుతూ మమ్మల్ని చూసింది. మేకను లేపి, కట్టెతో మన్ను గీకితే లోపల ఉలి గాట్లు వరుసగా, వేలితో గీసినంత నున్నగా కనిపించాయి. ఒకే నల్లరాతి గుండును తొలిచి చేసిన తొట్టి. బండరాయితో చేస్తే పొరలు విడిపోయి నీళ్ళు నిలవవని నాయన చెప్పేవాడు.

"మీ నాయన చెక్కిందే. తీస్కపో," అన్నాడు రైతు. "నాకేం పన్ల్యా. కానీ ఎత్తేదెవరు? ఈడ దించేటప్పుడు మీ నాయన ఉన్నాడు, ఆయనతోపాటు ఇంకొకాయన ఉన్నాడు, పొట్టిగా, మాట్లాడడు. వాళ్ళిద్దరే దీన్ని దించినారు అనుకో. కడమోళ్ళంతా ఊరికే చేతులేసినారు. ఇప్పుడు మీ నాయన లేవలేడు. ఆయన్నన్నా పిల్సుకోనిరా."

ఆ పొట్టి మనిషి పేరు మా ఇంట్లో మూడు నెలలుగా ఎవరూ పలకడం లేదు.

ఆయన నాయన దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నవాడు. పదిహేనేళ్ళు ఇద్దరూ ఒకే గనిలో పనిచేశారు. నేను ఆయన్ను చిన్నాయనా అని పిలిచేదాన్ని. ప్రమాదం జరిగిన రోజున నిలువెత్తు బండను లారీకి ఎక్కించడానికి వాలుస్తున్నారు. నాయన ముందువైపు ఉన్నాడు. చిన్నాయన వెనక గడారితో, పొడుగాటి ఇనప పలుగుతో, బండ బరువును ఆపి పట్టుకున్నాడు. గడారి వదిలేశాడు. బండ జారి నాయన కాళ్ళ మీద పడింది. కూలీలు మాకు చెప్పింది అంతే. వదిలేశాడు, చెయ్యి జారిందేమో, కల్లు తాగినాడేమో, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. నాయన ఏమీ అనలేదు. అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు సాయంత్రం చిన్నాయన ఆస్పత్రి తలుపు దగ్గరికి వచ్చి నిలబడితే, అమ్మ లేచి పోయి, "నీ మొగం సూపియ్యొద్దు," అని తలుపు వేసింది. నేను లోపలే ఉన్నాను. ఆపలేదు. ఆ తర్వాత బావి దగ్గర ఆయన భార్య కనబడితే అమ్మా నేనూ మాట్లాడకుండా వచ్చేవాళ్ళం. మమ్మల్ని చూసి మిగతా ఆడవాళ్ళూ మానేశారు.

రైతు దగ్గరినుంచి వస్తూ దారిపొడవునా లెక్కలు వేసుకున్నాను. ఇంకెవరినైనా అడగవచ్చా? గనిలో మేస్త్రీలు ఇంకా ఉన్నారు గాని, వాళ్ళకు బండలు తప్ప ఇంత బరువైన గుండురాయి అలవాటు లేదు. పగలగొట్టి తెస్తారు. మా ఇంటికి తిరిగే సందు దగ్గర ఆగి, ఇంటికి పోకుండా నేరుగా చిన్నాయన ఇంటికి పోయాను. ఆలస్యం చేస్తే నాకు ధైర్యం చాలదని నాకు తెలుసు.

ఆయన గడప మీద కూర్చుని ఉలులకు పదును పెడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన భార్య పొయ్యి దగ్గరినుంచి తల తిప్పి చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. కూర్చోమని అనలేదు. నేను నిలబడే విషయం చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది, తొట్టి సంగతి, రైతు అన్న మాట.

అంతా విని, "అన్న చెప్పినాడా నన్ను పిల్సుకోని రమ్మని?" అని అడిగాడు.

"లేదు. నేనే వచ్చినా."

ఆయన చేతిలో ఉలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలినుంచి భార్య అంది: "మూడు నెల్లనుంచి ఆ ఇంట్లోళ్ళకు మనం మనుషులం కాదు. ఇప్పుడు రాయి మొయ్యల్లని గుర్తొస్తిమి."

 నిజమే గదా. పోదామని వెనక్కి తిరిగాను.

"రెండు జతల ఎద్దులు గావాల," అన్నాడు చిన్నాయన నా వెనకనుంచి. "తుమ్మ దుంగలు నా దగ్గర ఉండాయి. శనివారం పెట్టుకుందాం. మీ వాకిట్లో బండలు దాని బరువుకు ఆగవు, పగుల్తాయి. ముందు అవి తీసి కింద తవ్విచ్చు."

ఆయన వస్తాడని ఇంట్లో చెబితే అమ్మ చేటలోని కొర్రలు చేటలోనే వదిలేసి లేచింది. "వాడు తప్ప ఇంకెవరూ దొరకలేదా నీకు?" అంది. నాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. వద్దంటాడని అనుకున్నాను. ఇటు తిరక్కుండానే, "రానీ," అన్నాడు. అంతే. ఆ రోజంతా మంచం పట్టె మీద చప్పుడు వినబడలేదు. అది నాకు ఇంకా కంగారు పుట్టించింది.

మరునాటినుంచి తొట్టి ఎక్కడ పెట్టాలన్న గొడవ మొదలైంది. అమ్మ పెరట్లో పెట్టాలంది. "దారిన పోయేవాళ్ళంతా చూస్తాండగా నీళ్ళు పోసుకుంటాడా?" అని ఆమె మాట. పెరట్లోకి పోయే సందు మూడడుగుల వెడల్పు కూడా లేదు, తొట్టి పట్టదు. గోడ కూల్చాలి. నాయన వాకిట్లోనే, దారి కనబడేటట్టు పెట్టాలన్నాడు. "మూడు నెల్లు గోడను చూస్తి. ఇంగ జాలు," అన్నాడు. చివరికి చుట్టూ ఈతాకుల తడికె కట్టి, కూర్చున్నవాడి తల మాత్రం పైకి కనబడేటట్టు పెట్టాలని ఒప్పందం కుదిరింది.

అంతటితో తెగిందనుకుంటే, వాకిట్లో ఎక్కడన్నది తెగలేదు. నాయన మంచాన్ని బయటికి మోయించి, దారం ముక్క పట్టుకుని నాచేత కొలిపించాడు. వేపచెట్టు నీడలో అన్నాడు. కొలిచి సున్నంతో గీత గీశాను. సాయంత్రానికి వద్దన్నాడు, చెట్టు వేళ్ళు లేస్తే తొట్టి కదులుతుందన్నాడు. గుమ్మం పక్కన అన్నాడు. గీత గీశాను. తెల్లారి లేచి, అక్కడ నీళ్ళు పోయేదానికి వాలు లేదన్నాడు. మూడోసారి ఆ గీత చెరిపి ప్రహరీ గోడ దగ్గర గియ్యమంటే నా చేతిలోని సున్నపు డబ్బా కింద పడేశాను.

"నేను కర్నూలుకు పోవల్ల నాయనా. దినాలు లేవు. ఒక చోటు చెప్పు, అదే చోటు."

ఆయన నావైపు చూశాడు. మూడు నెలల్లో గడ్డం తెల్లబడింది. "ఒకసారి పెట్టినాక మార్చలేం మ్మా," అన్నాడు మెల్లగా. "తప్పు చోట పెడితే మళ్ళా ఎత్తల్ల. ఎత్తేటప్పుడు ఎవురికైనా తగుల్తే?" ఆయన నోట భయం మాట నేను వినడం అదే మొదటిసారి. డబ్బా తీసుకుని, గోడ దగ్గర మూడో గీత గీశాను. దాన్ని మార్చమని ఆయన అడగలేదు.

అక్కడ పరిచిన నల్లబండలు ఆయన చేత్తో పరిచినవే. నాలుగింటిని అమ్మా నేనూ పెకలించి గోడకు ఆనించాం. జానెడు లోతు తవ్వాం. తొట్టి అంచు మంచం ఎత్తుకు సమంగా ఉండాలని, అప్పుడు ఆయన్ను ఎత్తకుండా మంచం మీదనుంచి తొట్టిలోకి జరపవచ్చని నాయన లెక్క. గరుసు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాం. నా చేతులు పొక్కులెక్కాయి. తొట్టికి ఒక మూల నీళ్ళు పోవడానికి బొక్క ఉంది. ఆ దిక్కుకు వేలెడు మందం వాలు పెట్టమన్నాడు. నేను గిన్నెలో నీళ్ళు తెచ్చి పోసి, అవి ఎటు పారుతున్నాయో మంచం మీదనుంచి ఆయనకు కనబడేటట్టు పక్కకు జరిగేదాన్ని. "ఇంకొంచెం," అనేవాడు. మళ్ళీ కొట్టేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నానికి నీళ్ళు ఆయన అనుకున్న మూలకు పారాయి.

శనివారం పొద్దెక్కాక బండి వచ్చింది. రెండు జతల ఎద్దుల నోళ్ళు నురగలు కక్కుతున్నాయి. బండి వెంట ఏడుగురు గని కూలీలు, చిన్నాయన. తొట్టి చుట్టూ మోకులు బిగించి, కింద గడ్డి పరుపులు వేసి తెచ్చారు. ఎక్కడా అంచు కూడా రాలలేదు. చిన్నాయన వాకిట్లోకి వచ్చి, మంచం మీద ఉన్న నాయనను చూసి, తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. నాయన కూలీల్లో పెద్దవాడిని పిలిచి, "దుంగలు మూరకొకటి వేయమని చెప్పు," అన్నాడు. చెప్పాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు. ఆ పెద్దవాడు చిన్నాయనవైపు తిరిగి, విన్న మాటే మళ్ళీ చెప్పాడు. చిన్నాయన తల ఊపి దుంగలు వేశాడు. అట్లా గంటసేపు నడిచింది. ఇద్దరి మధ్య ఆరడుగుల దూరం. మాటలు మాత్రం మూడో మనిషి చుట్టూ తిరిగి పోతున్నాయి.

బండినుంచి తొట్టిని దుంగల మీదికి దించి, దొర్లిస్తూ గోడ దగ్గరికి తెచ్చారు. వెనక దుంగ బయటికి రాగానే దాన్ని తీసుకుని ముందుకు పరుగెత్తి వేస్తున్నారు. కాళ్ళు వంగని నాయన మంచం మీద మోచేతుల మీద లేచి కూర్చోబోతున్నాడు. అమ్మ ఆయన భుజాలు పట్టుకుంది. గుంత దగ్గర తొట్టి ముందుభాగం మెల్లగా వంగి గరుసు మీద కూర్చుంది. వెనకభాగం ఇంకా పైన ఉంది. దాని కింద చెక్క దిమ్మెలు, మూడు గడారులు. చిన్నాయనది నడిమి గడారి. మిగతా ఇద్దరూ తమవి మెల్లగా లాగేశారు. దిమ్మెలూ ఒక్కొక్కటీ తీశారు. ఇక మొత్తం బరువు చిన్నాయన చేతిలోని గడారి మీద ఉంది. ఆయన కాస్త కాస్తగా సడలించి వదిలితే తొట్టి కూర్చుంటుంది.

నాయన మంచం మీద పక్కకు ఒరిగి, తల కిందికి వాల్చి, తొట్టి అడుగుకూ నేలకూ మధ్య ఉన్న సందులోకి చూస్తున్నాడు. అక్కడినుంచి ఆయనకు తప్ప ఇంకెవరికీ ఆ సందు కనబడదు.

"ఇడువమని చెప్పు," అన్నాడు పెద్దకూలీతో.

"ఇడువప్పా," అన్నాడతను.

చిన్నాయన వదల్లేదు. చేతుల నరాలు ఉబ్బి, మెడ మీద చెమట ధారలుగా కారుతోంది. "ఇడువప్పా, అంతా సరిగ్గానే ఉండాది," అని ఇంకో కూలీ అన్నాడు. ఆయన కదల్లేదు. గడారి వణుకుతోంది. తొట్టి అంచు కూడా సన్నగా వణకడం నాకు కనిపించింది. ఒకడు సాయం పట్టడానికి ముందుకు రాబోతే, "రావద్దు, యాడ ఉండేవాళ్ళు ఆడనే ఉండండి," అన్నాడు చిన్నాయన.

అప్పుడు నాయన పలికాడు. "ఇడువు."

మూడు నెలల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. చిన్నాయన తల ఎత్తలేదు. నేలవైపు చూస్తూనే అన్నాడు:

"ఆ పొద్దు కూడా నువ్వే చెప్తివి న్నా, ఇడువమని. నువ్వు చెప్తే ఇడుస్తి."

  అమ్మ చేతులు నాయన భుజాల మీదనుంచి జారాయి.

నాయన మోచేతి మీద ఇంకొంచెం లేచాడు. "అవు," అన్నాడు. "నేనే చెప్పినా. లారీవోడు తొందర పెడతాండె. నా కాళ్ళు తీసుకోకముందే, బండ అంచు చూసుకోకముందే ఇడువమంటి. తప్పు నాది. నీది కాదు." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఇప్పుడు సరిగ్గా చూసి చెప్తాండా. అడుగున ఏం లేదు. ఎవురి కాలూ లేదు. మెల్లగా ఇడువప్పా."

చిన్నాయన చేతులు సడలించాడు. తొట్టి గరుసు మీద కూర్చున్న చప్పుడు పెద్దగా లేదు. నిండు మూట నేల మీద దించినట్టు, అంతే. గడారి బయటికి లాగి పక్కన వేసి, ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నాడు. ముఖాన్ని తలపాగా గుడ్డతో కప్పుకున్నాడు.

"మాకొక మాట చెప్పుండకూడదా అప్పా?" అన్నాడు పెద్దకూలీ.

"ఎవురడిగినారు?" అన్నాడు చిన్నాయన గుడ్డ లోపలినుంచి.

నిజంగా ఎవరూ అడగలేదు. నేను బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఇద్దరినీ పిలిచి అడిగేదాన్ని. ఈయన్ను మాత్రం అడగాలని నాకు తోచనే లేదు. నాకు నాయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట ఆయన ముఖం చూడలేక గంగాళం తోముతానని పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. సంగటి, ఊరుబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని చిన్నాయన ఇంటికి పోయిందని చెప్పారు. చీకటి పడేముందు వచ్చింది. గిన్నె అట్లాగే ఉంది.

"తీసుకోల్యా," అంది అమ్మ. "కూర్చోమనింది. మూడు నెల్లు ఒక మాట మాట్లాడకపోతిరి గదక్కా అనింది. ఏడ్సింది. నేనూ ఏడ్సినా. ఇంగా కొన్నిదినాలు పడ్తాది."

సోమవారం మొదటిసారి నీళ్ళు పెట్టాం. పక్కవీధిలో పెళ్ళిళ్ళకు వంటచేసే సాయిబు పెద్ద రాగి డేగిసా ఇచ్చాడు. పొద్దున్నే బావినుంచి నీళ్ళు మోసి, మూడు రాళ్ళ పొయ్యి మీద కాచాం. కల్లుప్పు వేశాం. చిన్నాయన వచ్చి నాయనను చంకల కింద పట్టి జరిపాడు, కాళ్ళు నేను పట్టాను. కూర్చోబెట్టిన కాసేపటికే నీళ్ళు చల్లబడ్డాయి. రాయి వేడినంతా తాగేసింది. నాయన చలికి వణుకుతుంటే ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. ఇంత చేసి ఇదా అని నాకు ఏడుపొచ్చింది.

"పొద్దున పోసేది తప్పు," అన్నాడు చిన్నాయన, తొట్టి అంచు మీద అరచెయ్యి ఆనించి. "మన ఎండ ఎందుకుండాదిమ్మా? మధ్యాన్నందాకా ఎండకు కాగనీ. రాయి వేడెక్కినాక పోద్దాం."

అట్లాగే చేశాం. మిట్టమధ్యాహ్నానికి ఆ నల్లరాయి చెయ్యి పెట్టలేనంత కాలేది. సగం డేగిసా వేడినీళ్ళు, మిగతావి ఎండకు పెట్టిన బిందెల నీళ్ళు పోస్తే, గంటకు పైగా వేడి తగ్గేది కాదు. కట్టెల ఖర్చూ సగానికి తగ్గింది. నాయన తడికెపైన తల పెట్టుకుని, దారిన పోయే ప్రతి ఒక్కరినీ పలకరించేవాడు. యాడికి పోతాండావు, ఏం తెస్తాండావు, మీ ఎద్దు కుంటుతాదేమి? నీళ్ళ కింద చిన్నాయన ఆయన మోకాలిని పట్టుకుని వంచేవాడు. ఒక్కోసారి పలకరింపు మధ్యలో నాయన మాట ఆగిపోయేది, దవడ బిగుసుకునేది, కళ్ళలో నీళ్ళు నిలిచేవి. మళ్ళీ మొదలుపెట్టేవాడు.

నేను కర్నూలు పోయే ముందురోజు తొట్టి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను, "ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?" అని.

ఆయన నీళ్ళను అరచేత్తో అటూ ఇటూ నెట్టాడు. "చెప్దామనే అనుకుంటాంటి. ఒక దినం పోయె. రెండు దినాలు పోయె. మీ అమ్మ వాన్ని తలుపు కాడనుంచి పంపినాక ఇంగ నోరు రాల్యా. ఎంత ఆలస్యమయితే అంత బరువయితాదిమ్మా." నావైపు చూడలేదు.  ఆయన్ను అప్పటికి క్షమించానని చెప్పలేను. కాలికి సబ్బు రుద్దాను.

కర్నూలు నాకు కుదురు ఇవ్వలేదు. ఎటు చూసినా ఆఫీసుల గుడారాలు, దుమ్ము, పరుగెత్తే గుమాస్తాలు. హాస్టల్లో నా మంచం కిటికీ పక్కన. ఎండ మంచం మీదికి వచ్చే వేళకు, ఇప్పుడు నీళ్ళు పోసుంటారు, ఇప్పుడు ఎడమకాలు వంచుతుంటారు అని లెక్కపెట్టుకునేదాన్ని. పుస్తకం మూసి వరండాలో తిరిగేదాన్ని. అమ్మ చెప్పగా బడిపంతులు రాసిన ఉత్తరాలు వచ్చేవి. ఎడమకాలు సగం వంగింది. కుడికాలు మొండికేసింది. చిన్నాయన ఒక్కరోజూ తప్పలేదు. ఆయన భార్య మొన్న బావి దగ్గర అమ్మ బిందెను ఎత్తి నెత్తిన పెట్టింది.

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. నాయన చేతికర్ర మీద నడుస్తున్నాడు. ఎడమ మోకాలు బాగా వచ్చింది. కుడిది చివరిదాకా పూర్తిగా వంగలేదు. ఆ కాలిని పక్కనుంచి తిప్పి వేసేవాడు. గనిలో రాళ్ళు కదిపే పని ఇక పెట్టుకోలేదు. ఆ పని చిన్నాయనకు అప్పగించి, తను పొద్దున బండిలో గనికి పోయి చెట్టు కింద రోళ్ళు, తిరగళ్ళు చెక్కుతూ కూర్చునేవాడు. బండ వాల్చే సమయం వచ్చిందంటే ఉలి ఆపేసేవాడు. అరిచి చెప్పేది చిన్నాయనే. నాయన నోరు తెరిచేవాడు కాదు.

ఆ సెలవుల్లోనే ఒక ఉదయం ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక్కడే బయల్దేరాడు. ఆరోగ్యంగా ఉన్నవాడికి అయిదు నిమిషాల దూరంలో ఉన్న చిన్నాయన ఇంటికి. దారిలో మూడు అరుగుల మీద కూర్చున్నాడట. పోయేసరికి బాగా పొద్దెక్కింది. వాళ్ళ గుమ్మం ముందు కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. పిలవలేదు. చిన్నాయన గనిలో ఉన్నాడు. ఆయన భార్య బయటికి వచ్చి చూసి, లోపలికి పోయి మంచం తెచ్చి నీడలో వాల్చింది. చెంబుతో మజ్జిగ ఇచ్చింది. తాగినాక తిరిగి రాబోతే కాళ్ళు లేవలేదు. శక్తి అంతా పోవడానికే అయిపోయింది.

అందుకని ఆ పూటంతా ఆయన అక్కడే ఉన్నాడు. కబురు తెలిసి అమ్మా నేనూ పోయాం. మధ్యాహ్నం చిన్నాయన పనినుంచి వచ్చి, గుమ్మం ముందు మంచం మీద మా నాయనను, లోపల పొయ్యి దగ్గర అమ్మను చూసి, కాసేపు బయటే నిలబడిపోయాడు. ఆయన భార్య లోపలినుంచే, "కాళ్ళు కడుక్కోని రాప్పా, అన్నానికి అందరూ కాచుకోని ఉండారు," అంది. ఆ రోజు అయిదుగురం అక్కడే తిన్నాం. పొద్దుగూకేలోపు బండి కట్టి నాయనను ఇంటికి తెచ్చాం. దారిలో బండి కుదిపినప్పుడల్లా, మెల్లగా తోలమని బండివాడికి ఆయనే చెబుతూ వచ్చాడు.